గౌస్ బండి ఆగిన చోటు

ఎల్లారెడ్డి నుంచి గల్ఫ్ పోయేవాళ్లను కామారెడ్డి స్టేషన్‌కు చేర్చడానికి ఆ రోజుల్లో వేరే బండ్లు లేక కాదు. అయినా అందరికీ గౌస్ నడిపే అంబాసిడర్ కారే కావాలి. మెత్తటి సీట్ల కోసం అనుకునేరు, వాటిలోంచి స్ప్రింగులు పొడుచుకొచ్చేవి. బయలుదేరిన బండి స్టేషన్ దాకా ఎక్కడా ఆగకూడదని మా దగ్గర ఒక పట్టింపు. నడుమ ఆగిపోతే అపశకునమని తల్లులు సూట్‌కేసు దింపించి కొడుకులను వెనక్కి తెచ్చుకునేవారు. ఒకసారి ఎవరిదో జీపు దారిలో మొరాయిస్తే మా ఊరి హన్మంతు అలాగే ఇంటికొచ్చాడు, మళ్లీ పోనేలేదు. గౌస్ బండి మాత్రం ఎన్నడూ ఆగలేదు.

నిజం చెప్పాలంటే ఆ పేరు గౌస్ తలకెక్కింది. నడుస్తున్న ఇంజన్‌లో వేలు పెట్టకూడదనేవాడు. ఇంజన్‌లో నిప్పు పుట్టించే ప్లగ్గులైనా, వాటికి కరెంటు పంపే కాయిలైనా మార్చేది దసరాకే. ఆ రోజు బండి కడిగి, బంతిపూల దండ కట్టి, పక్కింటి ఎంకయ్యతో కొబ్బరికాయ కొట్టించి కొత్త సామాను బిగించేవాడు. అప్పటిదాకా పాత ప్లగ్గులనే గరుకు కాగితంతో రుద్ది మళ్లీ పెట్టేవాడు.

ఎనభై మూడులో, వానలు తగ్గుముఖం పట్టిన రోజుల్లో, కామారెడ్డి మెకానిక్ ఘనీ కాయిల్ మీద చెయ్యి పెట్టి వెంటనే తీసేశాడు.

"గౌస్ భాయ్, గింత కాలుతున్నదంటే దీని పని అయిపోవచ్చింది. ప్లగ్గుల మూతులు సుత అరిగినయి. ఎడం పెరిగితే నిప్పు దుంకలేక కాయిల్ మీద బరువు పడ్తది. రెండూ ఇప్పుడే మార్చాలె. పాత ప్లగ్గులు ఉంచితే కొత్త కాయిల్‌ను గూడ తింటయి."

"దసరా ఎంత దూరమున్నది?" అన్నాడు గౌస్. కొత్త కాయిల్, ప్లగ్గులు కొన్నాడు కానీ ఇంటికి తెచ్చి సందూకులో పెట్టాడు. "సందూకుల పెడితే బండికేం ఫాయిదా?" అని అతని భార్య అన్వరి బేగం అడిగింది. గౌస్ వినిపించుకోలేదు.

ఆ వారంలోనే మా పక్కింటి సాలవ్వ కొడుకు భూమేశ్ ప్రయాణం. ఒక్కడే కొడుకు, తండ్రి లేడు. మధ్యాహ్నం మన్మాడ్ పోయే రైలు అందుకుంటేనే బొంబాయిలో విమానం దొరుకుతుంది, లేకుంటే వీసా మురిగిపోతుంది. సాలవ్వ తోడు రమ్మంటే నేను ముందు సీట్లో కూర్చున్నాను. వెనక తల్లీకొడుకులు.

లింగంపేట దాటగానే ఇంజన్ ఎక్కిళ్లు పెట్టింది. గౌస్ నా వైపు చూశాడు, మాట్లాడొద్దన్నట్టు. చిన్న ఎత్తు ఎక్కేసరికి బండి గుంజడం మానేసింది.

"ఏంది గౌసు, గట్ల దగ్గుతున్నది?" అంది సాలవ్వ.

"ఏం లేదవ్వా, తొవ్వ బాగలేదు."

తొవ్వ బాగానే ఉంది. గౌస్ మెడ మీద చెమట కారుతోంది. రెండు చేతులా స్టీరింగ్ పట్టుకుని బండిని బతిమాలుతున్నాడు. ఇక ఆగిపోతుందనగా తనే పక్కకు తిప్పి ఇంజన్ కట్టేశాడు.

"జోహర్ టైమైంది. పగటి నమాజ్ చేసుకొని వస్తనవ్వా."

దేవుడి పనికి ఆపితే ఎవరూ అపశకునం అనరు. కానీ గౌస్ దారిలో నమాజ్‌కు ఆగడం నేనెప్పుడూ చూడలేదు. డబ్బాలో నీళ్లతో కాళ్లూ చేతులూ కడుక్కున్నాడు. ఎట్లాగూ ఆగినం, ఇంజన్‌కు గాలి తగలనీ అంటూ బానెట్ ఎత్తి, మిగిలిన నీళ్లతో తువ్వాలు తడిపి కాయిల్‌కు చుట్టాడు. సుయ్యిమని ఆవిరి లేచింది. తర్వాత రోడ్డు దిగి రుమాలు పరిచి నిలబడ్డాడు.

సాలవ్వ కొంగు తల మీదికి లాక్కుంది. భూమేశ్ మాటిమాటికీ కామారెడ్డి దిక్కు చూస్తున్నాడు. గౌస్ వంగుతున్నాడు, లేస్తున్నాడు, తువ్వాలు మీద ఆవిరి తగ్గిందా అని కళ్లెత్తి చూస్తున్నాడు. తొందరగా లేస్తే కాయిల్ చల్లారదు, ఆలస్యమైతే రైలు దక్కదు. అతని మీద నాకొచ్చిన కోపం అంతా ఇంతా కాదు. సందూకులో కొత్త కాయిల్ పెట్టుకుని ఈ నాటకమేమిటి?

చివరికి లేచి వచ్చి బండి ఎక్కాడు. మొదటిసారి స్టార్ట్ కాలేదు. సాలవ్వ చెయ్యి సూట్‌కేసు మీదికి పోవడం అద్దంలో కనిపించింది. రెండోసారి అందుకుంది. తడి తువ్వాలుతోనే కామారెడ్డి చేరాం. గార్డు ఈల వేశాక భూమేశ్ రైలెక్కాడు, తల్లి కాళ్లు మొక్కడానికైనా సమయం దొరకలేదు.

రైలు కనుమరుగయ్యాక సాలవ్వ గౌస్ వైపు తిరిగింది.

"మసీదు పక్కనే పుట్టి పెరిగినదాన్ని గౌసు. నమాజు పడమటి దిక్కు చేస్తరు. నువ్వు బండి దిక్కు తిరిగి చేసినవు."

గౌస్ తల దించుకున్నాడు.

"బండి ఆగిందని నేనొక్క మాటంటే నా కొడుకు దిగుతుండె. దిగితే మంచిగుండునని నా పానం కొట్టుకున్నది. కానీ వాని కండ్లు రైలు మీదనే ఉన్నయి. నోరు మూసుకున్న."

గౌస్ నేరుగా ఘనీ దుకాణానికి పోయి, ఇంట్లో కొత్తవి ఉండగానే ఇంకో కాయిల్, ఇంకో సెట్టు ప్లగ్గులు కొని అప్పటికప్పుడే వేయించాడు. దసరా ఊసే ఎత్తలేదు. ఘనీ మొహంలోని నవ్వును కూడా ఓర్చుకున్నాడు.

తిరుగు ప్రయాణంలో ఇంజన్ కొత్తదానిలా పాడింది. అయినా పోయేటప్పుడు ఆగిన చోటికి రాగానే గౌస్ బండి ఆపాడు. కాళ్లూ చేతులూ కడుక్కుని, రుమాలు పరిచి, ఈసారి పడమటికి తిరిగాడు. బండి వైపు ఒక్కసారీ చూడలేదు. చాలాసేపు నేలకు నుదురు ఆనించి ఉన్నాడు.

వెనక సీట్లో సాలవ్వ భూమేశ్ కూర్చున్న చోట చెయ్యి పెట్టుకుని అప్పుడు ఏడ్చింది. పొద్దుటి నుంచి ఆపుకున్న ఏడుపు అది. ఆమె ఏడుపు ఆగేదాకా గౌస్ బండి దగ్గరికి రాలేదు.