నేను పోస్టు చెయ్యని కార్డుకు జవాబు

దయ్యాలూ భూతాలూ అంటే నాకు మొదటినుంచీ నవ్వే. దర్శి బస్టాండులో కంట్రోలరుగా చేశాను. ఆ ఉద్యోగంలో బతికున్నవాళ్ళకు జవాబు చెప్పుకోవడమే చేతకాదు, ఇక చచ్చినవాళ్ళ గురించి ఆలోచించే తీరిక ఎక్కడిది? పైగా మేం క్రైస్తవులం. దయ్యాల మాట ఎత్తినవాళ్ళకి మా పాస్టరు గారు అందరి ముందే చీవాట్లు పెట్టేవారు. కాబట్టి ఇది దయ్యం కథ అని నేను అనను. ఏమనాలో తెలిసి ఉంటే ఇంత పొడుగు రాసేవాణ్ణే కాదు.

తొంభై తొమ్మిదిలో, ఫిబ్రవరి నెలలో జరిగింది.

కంట్రోలరంటే బస్సుల రాకపోకలు రాసుకుని మైకులో చెప్పేవాడు. ఒంగోలు, పొదిలి, అద్దంకి, వినుకొండ అంటూ రోజంతా ఊళ్ళ పేర్లు చదవడమే నా పని. బస్సు ఎప్పుడొస్తుందని ఎవరడిగినా "వచ్చేస్తుంది, దారిలో ఉంది" అనేవాణ్ణి. దారిలో ఉందో, అసలు బయల్దేరిందో నాకూ తెలియదు. ఆ మాట నోటికి అలవాటైపోయి ఇంట్లో కూడా అదే చెప్పేవాణ్ణి.

మా ఆవిడ సుగుణ ప్రాథమిక పాఠశాలలో టీచరు. ఆ బడి పక్కనే మిర్చి కళ్ళాలు. కోతలు మొదలయ్యాయంటే ఎండబోసిన కాయల మీదనుంచి వచ్చే గాలికి పిల్లలు తుమ్ముతూనే ఎక్కాలు చదివేవాళ్ళు. ఆవిడా తుమ్ముతూనే చెప్పేది. మదనపల్లె దాటాక హార్స్‌లీ హిల్స్ అని కొండమీద చిన్న ఊరుందని, అక్కడి గాలిలో ఏ ఘాటూ ఉండదని పెళ్ళైన కొత్తలో ఎవరో చెప్పారట. అప్పట్నుంచీ ఒక్కసారి తీసుకెళ్ళమని అడుగుతోంది. నాకు కుటుంబానికంతటికీ ఉచిత పాసు ఉంది. పద్నాలుగేళ్ళలో ఆ పాసు మీద ఆవిడ వెళ్ళిన అతి దూరపు ఊరు ఒంగోలు. అది కూడా పళ్ళ డాక్టరు దగ్గరికి.

ఆ ఫిబ్రవరిలో ఆవిడ గొడవేమీ పడలేదు. అన్నం వడ్డిస్తూ మామూలుగా అంది.

"శని, ఆదివారాలు రెండే రోజులు. ఈసారి కూడా తప్పిపోతే ఇంక అడగన్లెండి."

అరిచి ఉంటే నేనూ అరిచేవాణ్ణి. అరవలేదు కాబట్టి భయం వేసింది. ఇన్నేళ్ళూ అడుగుతున్న మనిషి అడగడం మానేస్తే, ఆ ఇంట్లో నేను ఉన్నా లేకపోయినా ఒకటే కదా అనిపించింది.

మదనపల్లె రూటులో తిరిగే డ్రైవరు ఒకాయన కొండమీద ఒక చిన్న గెస్ట్ హౌస్ అడ్రసు చెప్పాడు. "ఫోను చెయ్యమాక అన్నా, అది పలికి ఏడాదైంది. ఒక కార్డు ముక్క రాసెయ్," అన్నాడు. పోస్టాఫీసులో జవాబు కార్డు కొన్నాను. ఇప్పటివాళ్ళు చూసి ఉండరు. రెండు కార్డులు ఒకదానికొకటి అతుక్కుని ఉంటాయి. ఒకదాని మీద మనం రాసి, రెండోదాని మీద మన అడ్రసు రాసి పంపితే, అవతలివాళ్ళు దాన్ని చింపి జవాబు రాసి పోస్టులో వేస్తారు.

రెండు బస్సుల మధ్య ఖాళీలో కార్డు రాశాను. "అయ్యా, ఇద్దరికి గది కావలెను. ఈ నెల చివరి శని, ఆదివారములు. జవాబు ఇవ్వగలరు." అంతే. రెండో సగం మీద నా అడ్రసు రాశాను. డబ్బాలో వేద్దామని లేచేసరికి పొదిలి బస్సు రాలేదని జనం నా కిటికీ మీద పడ్డారు. వాళ్ళకి సర్దిచెప్పేసరికి కార్డు సంగతి పూర్తిగా మర్చిపోయాను.

సాయంత్రం ఆవిడ అడిగింది.

"కార్డు వేశారా?"

"వేసేశాను. దారిలో ఉంటుంది."

అలవాటుగా అనేసి, వేశాననే నేనూ నమ్మేశాను. మర్నాటినుంచే ఆవిడ ప్రయాణం మొదలైపోయింది. ముందు స్వెట్టరు కావాలి. దర్శిలో కారం లేని కూరైనా దొరుకుతుందిగానీ స్వెట్టరు దొరకదు. చివరికి పాస్టరు గారి దగ్గర ఒక స్వెట్టరు, ఒక మంకీ క్యాపు దొరికాయి. సరిపోతాయో లేదోనని మిట్టమధ్యాహ్నం నాకు తొడిగి చూసింది. నాకు చెమటలు కారుతుంటే చాలా బాగున్నాయంది. కొండమీద కూరలు చప్పగా ఉంటాయేమోనని పండుమిర్చి పచ్చడి సీసా కట్టింది. ఘాటు లేని గాలికి వెళుతూ ఈ సీసా ఎందుకంటే, అది గాలి, ఇది అన్నం అంది. పిల్లలిద్దరినీ మా అత్తగారి దగ్గర వదలడానికి ఏర్పాటు చేసింది. బడిలోను, చర్చిలోను అందరికీ చెప్పేసింది.

ప్రయాణం శనివారమనగా మంగళవారం నాడు కార్బన్ పేపరు కోసం టేబులు సొరుగు వెతికాను. పాత లాగ్‌షీట్ల కింద నా కార్డు ఉంది, రెండు సగాలూ అతుక్కునే.

ఆ పూట మైకులో వినుకొండ బస్సుని ఒంగోలు బస్సని చెప్పాను. ఎక్కినవాళ్ళు దిగి వచ్చి తిట్టారు. ఆ తిట్లు పడుతూనే ఇంట్లో ఏం చెప్పాలో ఆలోచించుకున్నాను. గదులు ఖాళీ లేవని జవాబు వచ్చిందని, ఆ జవాబు ఎక్కడో పడిపోయిందని చెబుదామనుకున్నాను. ఇంటి మలుపు తిరిగేలోపు నాలుగుసార్లు వల్లెవేశాను.

ఆవిడ గుమ్మంలోనే నిలబడి ఉంది. చేతిలో కార్డు.

"ఏమండీ, జవాబొచ్చింది!"

కార్డు అందుకుని చదివాను. "అయ్యా, మీ కార్డు అందినది. శని, ఆదివారములకు గది ఉంచితిమి. అమ్మగారికి మోకాలు నొప్పి అని వ్రాసినందున మెట్లు లేని గది ఇచ్చుచున్నాము." కార్డు తిప్పి చూశాను. అడ్రసు నా చేతిరాతే. దర్శిలో 'ర్శి' నేను గీసినంత వంకరగా ఈ జిల్లాలో ఇంకెవరూ గియ్యరు.

"నీకు మోకాలు నొప్పా?" అన్నాను.

"అదేంటండీ, మీరే రాసి మళ్ళీ నన్నడుగుతారు?" అని ఆగింది. "సంవత్సరం నుంచీ ఉంది. నేనెవరికీ చెప్పలేదు. మీకెట్లా తెలిసింది?"

అని నా వంక చూసింది. పద్నాలుగేళ్ళలో ఆవిడ నన్నలా చూడటం అదే మొదటిసారి. నిజం చెబుదామనుకుంటూనే, "కనిపెట్టాన్లే," అన్నాను.

మర్నాడు పొద్దున్నే సొరుగు తీశాను. నా కార్డు అక్కడే ఉంది. చింపిన గుర్తు లేదు, తపాలా ముద్ర లేదు. నేను కొన్నది ఒక్క కార్డే. డ్రైవరు రాశాడనుకుందామంటే, అతనికి సంతకం తప్ప ఇంకేమీ రాదు. ఆవిడ రాసిందేమోనని, కొత్త పెన్ను చూద్దామనే వంకతో దర్శి అని రాయించాను. టీచరు కదా, ముత్యాల్లా గుండ్రంగా రాసింది. చూసి, మీ పెన్ను బాగానే ఉందండీ అంది.

పాస్టరు గారికి రహస్యంగా రెండు కార్డులూ చూపించాను. ఆయన కళ్ళద్దాలు పెట్టుకుని చాలాసేపు చూశారు.

"దేవుడు కార్డులు రాయడు బ్రదర్. రాసినా, ఈ కోడిగీతలతో ఎందుకు రాస్తాడు?" అన్నారు. "వాళ్ళకి మొదటి కార్డు అందింది కదా. అది అక్కడే ఉండాలి. వెళ్ళి చూడు."

వెళ్ళాం. శనివారం మధ్యాహ్నానికి కొండెక్కాం. గెస్ట్ హౌస్ చూసుకునే ఆయన పేరు రెడ్డెప్ప, అరవై దాటిన మనిషి. మమ్మల్ని చూడగానే లోపలికెళ్ళి ఒక కార్డు పట్టుకొచ్చాడు.

"ముప్పై ఏండ్లుగా ఈడే ఉండా సార్. గది కావాలని రాసేటోళ్ళే గానీ ఇట్ల రాసినోళ్ళని నేను చూళ్ళే," అంటూ మా ఆవిడ ముందే గట్టిగా చదివాడు.

"అయ్యా, నా భార్య ఇంతవరకు కొండ చూడలేదు. తప్పు నాదే. ఈ నెల చివరి శని, ఆదివారములకు వస్తాము. ఆమెకు మోకాలు నొప్పి, బయటికి చెప్పదు. మెట్లు లేని గది ఇవ్వండి. ఉదయం ఆమెకు బయట ఒక కుర్చీ వేయండి. పక్కన నాకొకటి వేయండి. వేయకపోతే నేను గదిలోనే పడుకుంటాను."

కింద నా సంతకం. దర్శి పోస్టాఫీసు ముద్ర, నేను కార్డు రాసిన రోజు తేదీతో, స్పష్టంగా ఉంది. అన్నిటికన్నా నన్ను భయపెట్టింది ఆఖరి వాక్యం. కుర్చీ వెయ్యకపోతే నేను నిజంగా గదిలోనే పడుకునేవాణ్ణి.

సుగుణ గోడవైపు తిరిగి, కొండెక్కాక తనే వేసుకున్న స్వెట్టరు చేత్తో కళ్ళు తుడుచుకుంది.

"ఇక్కడ మిర్చి కళ్ళాలు లేవు కదే," అన్నాను నేను. అంత తెలివితక్కువ మాట నా జన్మలో ఇంకోటి అనలేదు.

ఆవిడ ఆ కార్డు రెడ్డెప్పని అడిగి తీసుకుని బైబిల్లో పెట్టుకుంది. అది నాది కాదని అప్పుడే చెప్పాల్సింది. చెబితే ఆ రెండు రోజులూ ఆవిడకు మట్టిపాలవుతాయి. చెప్పకపోతే ఎవడో చేసిన మంచి నేను కొట్టేసినట్టు. చెప్పలేదు.

పొద్దున్నే రెండు కుర్చీలు వేశారు. కూర్చున్నాం. కింద మేఘాలు, పైన ఎండ. ఆవిడ గుండెల నిండా గాలి పీల్చుకుంటుంటే, నాకు ఆ కార్డు రాసినవాడి మీద ఒళ్ళు మండింది. నా పెళ్ళాం మోకాలి సంగతి నాకన్నా ముందు వాడికెలా తెలిసింది? మళ్ళీ వాడి చేతిరాత చూస్తే నాదే. ఎవరిమీద కోప్పడాలో కూడా తెలియని పరిస్థితి. ఆ రెండు రోజులూ ఆవిడ ఒక్కసారి కూడా తుమ్మలేదు. నేను మాత్రం మంకీ క్యాపు పెట్టుకుని కూడా తుమ్ముతూనే ఉన్నాను.

ఇంటికొచ్చాక నా అవస్థ మొదలైంది. అంత మంచి కార్డు రాసిన మొగుడికి పేరు చెడగొట్టకూడదు కదా. మోకాలికి నూనె రాశావా అని అడగడం మొదలుపెట్టాను. నీళ్ళ బిందె నేనే మోశాను. మొదట నటనే. ఎప్పటినుంచి నటన కాకుండా పోయిందో నేను గమనించలేదు.

ఎనిమిదేళ్ళు అలాగే గడిచాయి. రెండువేల ఏడులో ఒక ఆదివారం చర్చిలో సాక్ష్యం చెప్పడానికి ఆవిడ లేచింది. దేవుడు తమకు చేసిన మేలుని అందరి ముందూ చెప్పుకోవడం మా దగ్గర ఆనవాయితీ. ఆవిడ బైబిల్లోంచి ఆ కార్డు తీసి, ఇలాంటి భర్తని ఇచ్చినందుకు స్తోత్రం అని మొదటినుంచి చివరిదాకా చదివింది. ఆడవాళ్ళంతా నావైపు తిరిగారు. పాస్టరు గారు మాత్రం చర్చి పైకప్పు చూస్తూ కూర్చున్నారు.

ఆ మధ్యాహ్నమే నేను దాచిన, పోస్టు చెయ్యని కార్డు తెచ్చి ఆవిడ ముందు పెట్టి, జరిగిందంతా చెప్పేశాను. ఏడుస్తుందనుకున్నాను. నాతో మాట్లాడటం మానేస్తుందేమోనని చాలా భయపడ్డాను.

ఆవిడ దాన్నీ, బైబిల్లో కార్డునీ పక్కపక్కన పెట్టి చూసింది. అతుక్కుని ఉన్న నా కార్డు తీసి చదివింది.

"ఇందులో నేనెక్కడున్నానండీ?"

"ఇద్దరికి గది అన్నాను కదా. ఆ ఇద్దరిలో ఒకరివి నువ్వే."

ఒక్కసారిగా పకపకా నవ్వింది. నవ్వి నవ్వి దగ్గొచ్చి మంచినీళ్ళు తాగింది. ఆ తర్వాత మాత్రం ఆవిడ ముఖంలో నవ్వు లేదు.

"చర్చిలో అందరి ముందూ చెప్పాను. ఇప్పుడది అబద్ధం కాకూడదు. రేపు ఇంకో కార్డు కొనుక్కొచ్చి మీరే రాయండి."

సోమవారం కార్డు తెచ్చాను. మళ్ళీ ఆ కొండకే. ఆవిడ వంటింట్లో ఉంది, చూసి రాయడానికి బైబిల్లో కార్డు కూడా ఇవ్వలేదు. నాలుగు వాక్యాలకు గంటన్నర పట్టింది. ఏం రాశానో ఇక్కడ చెప్పను.

కొండకు చేరిన మొదటి కార్డు ఎవరు రాశారో, నా దస్తూరీ ఎక్కడినుంచి తెచ్చారో, ఆవిడ ఎవరికీ చెప్పని నొప్పి వాళ్ళకెలా తెలిసిందో నాకు ఇవాళ్టికీ తెలియదు. ఎన్ని విధాల ఆలోచించినా ఏ లెక్కకూ అందడం లేదు. రెండోది మాత్రం నేనే రాశాను. డబ్బాలో వేసొద్దామని లేచాను. ఆవిడ నా చేతిలోంచి కార్డు తీసుకుని, "మీరు కూర్చోండి" అని చెప్పులేసుకుంది. ఆ మోకాలితోనే, మెల్లగా పోస్టాఫీసుదాకా నడిచి వెళ్ళింది.