"ఆ గదిలో ఎవరెవరున్నారండీ?"

ఆ రోజుల్లో మా గోదావరి వాళ్ళకి దాచుకోవడం అంటే ఆవకాయ జాడీ అటక మీద దాచుకోవడమే. మన వివరాలు కూడా దాచుకోవాలని ఎవరూ చెప్పలేదు. రైల్లో ఎదురు సీటు ఆవిడ "ఎవరమ్మాయివమ్మా?" అంటే ఇంటిపేరు మొదలుకుని మేనత్త మొగుడి ఉద్యోగం దాకా చెప్పాలి. చెప్పకపోతే పొగరుబోతు కింద లెక్క. ఆ పెంపకంతోనే నేను ఇంటర్నెట్‌లో అడుగుపెట్టాను. తర్వాత జరిగినదానికి నేనొక్కదాన్నే బాధ్యురాలిని కాదనడానికి ఈ మాట ముందే చెబుతున్నాను. (ఇన్నేళ్ళ తర్వాత వాదించే ఓపిక కూడా లేదు లెండి.)

డిగ్రీ అయ్యాక కడియంలో ఒక మొక్కల నర్సరీ ఆఫీసులో చేరాను. ఇకమీదట ఆర్డర్లన్నీ ఈమెయిల్లోనే వస్తాయని ఎవరో చెప్పగా విని, మా ఓనరుగారు నన్ను రాజమండ్రి వెళ్ళి నేర్చుకురమ్మన్నారు. నెట్ సెంటర్ అంటే ప్లైవుడ్ అరలు, ఒక్కో అరకీ ఒక పాత కర్టెను. ఈమెయిలు రాయడం తొందరగానే వచ్చేసింది. మిగిలిన టైము ఏం చెయ్యాలో తోచక, పక్క అరల్లో అందరూ చేస్తున్నదే చేశాను. చాట్ రూములోకి వెళ్ళాను. వెళ్ళీ వెళ్ళగానే ఎవరో ఇంగ్లీషులో "ఎవరు నువ్వు, ఏ ఊరు?" అని అడిగారు. అడిగినప్పుడు చెప్పాలి కదా! ఎవరూ చూడకుండా కర్టెను పూర్తిగా లాక్కుని, ఇంటిపేరుతో సహా నా పేరు, నాన్నగారి పేరు, ఊరు, వీధి, ఫోను నంబరు, అన్నీ టైపు చేశాను. మాకు ఫోను లేదు, అది పక్కింటి పిన్నిగారి నంబరు. అవతలి మనిషి ఇబ్బంది పడకూడదని "పక్కింటిది, పిలుస్తారు" అని కూడా చేర్చాను. ఒక్కరికే చెప్పాననుకున్నాను. ఆ రూములో ఉన్న వాళ్ళందరికీ కనబడుతుందని నాకేం తెలుసు?

మర్నాటి నుంచి ఫోన్లు మొదలయ్యాయి. పిన్నిగారు గోడ మీంచి కేకేసేవారు. "బుజ్జీ! నీకు ఫోనే! ఎవరో హిందీ అబ్బాయి!" తడి జుట్టుతోనో, పిండి చేతులతోనో పరిగెత్తేదాన్ని. అవతల ఎవడో "హాయ్ డియర్" అనేవాడు. పెట్టేసి ఇంటికొచ్చేసరికి మళ్ళీ కేక. నాన్నగారేమో అవన్నీ మొక్కల ఆర్డర్లనుకుని, "మా అమ్మాయి చేరాక నర్సరీకి గిరాకీ పెరిగిందండి" అని కనబడ్డవాళ్ళకల్లా చెప్పుకునేవారు. పిన్నిగారు కూడా మొదట్లో ముచ్చటపడి, ఫోను చేసిన ప్రతివాణ్ణీ "ఏ ఊరు బాబూ? ఏం చేస్తుంటావు?" అని తెలుగులోనే విచారించేవారు. మధ్యాహ్నం కునుకు పాడవడం మొదలయ్యాక మాత్రం ఆవిడ ఓపిక నశించింది. నా ఓపిక అంతకు ముందే నశించింది. గోడ అవతల గంట మోగితే చాలు, నాకు కాళ్ళు పీకేవి.

సరిగ్గా అప్పుడే తుని సంబంధం ఒకటి ఖాయమయ్యేలా ఉంది. నాకూ ఇష్టమే. పెళ్ళిచూపుల్లో ఆ అబ్బాయి నన్ను పాట పాడమనలేదు, గులాబీ అంటు ఎలా కడతారని అడిగాడు. తాంబూలాల సంగతి మాట్లాడదామని వాళ్ళ పెదనాన్నగారు మేమిచ్చిన ఆ పిన్నిగారి నంబరుకే ఫోను చేశారు. మర్యాదకి ముందు నన్ను పలకరిద్దామనుకున్నారు కాబోలు, "అమ్మాయి ఉందాండీ?" అన్నారట.

"ఉంటే నీకెందుకురా? మీ ఇంట్లో అప్పచెల్లెళ్ళు లేరూ?" అన్నారు పిన్నిగారు.

"అమ్మా, నేను తుని నుంచి..."

"తుని అయితే ఏంటి, ఢిల్లీ అయితే ఏంటి! పెట్టెయ్ ఫోను!"

సంబంధం తెచ్చిన మధ్యవర్తి వచ్చి నిలదీసేదాకా మాకీ సంగతి తెలియలేదు. నేను నాన్నగారికి అంతా చెప్పాను. ఆయన మర్నాడు పొద్దున్నే పాసింజరెక్కి, క్షమాపణ చెప్పడానికి తుని వెళ్ళారు. అక్కడ జరిగింది తర్వాత ఆయనే చెప్పారు.

"చాట్ రూమని ఒకటుందండి. రూమంటే గదే లెండి. అందులో మా అమ్మాయి తెలియక నంబరు చెప్పేసిందండి."

"ఆ గది ఏ ఊళ్ళో అండీ?" అన్నారట పెదనాన్నగారు.

"ఊరంటూ లేదండి. కంప్యూటర్లో ఉంటుందట."

"ఆ గదిలో ఎవరెవరున్నారండీ?"

"కనబడరటండి."

"మగవాళ్ళా?"

నాన్నగారికి అబద్ధం చేతకాదు. "ఎక్కువమంది వాళ్ళేనటండి," అన్నారు.

పెదనాన్నగారు మజ్జిగ ఇప్పించి, "ఆలోచించుకుని చెబుతామండి" అన్నారు. మా వైపు ఆ మాటకి అర్థం ఆలోచించడం అయిపోయిందని.

ఇంటికొచ్చి చెప్పులు విప్పుతూ నాన్నగారు ఒక్క మాటే అన్నారు. "తల్లీ, ఆ గదికి తాళం వేసే వీలుందేమో కనుక్కో." వెళ్ళి నెట్ సెంటర్ ఆయన్ని అడిగాను. "ఇక ముందు అసలు పేరు, ఊరు, ఫోను నంబరు పెట్టకండి. రాసేసింది మాత్రం వెనక్కి రాదండి. వాళ్ళకే విసుగుపుట్టి మానెయ్యాలి," అన్నాడు. అప్పటికప్పుడు చాట్‌లో నా పేరు తీసేసి, మా నర్సరీలో మొక్క పేరు, "క్రోటన్" అని పెట్టుకున్నాను. వానలు పట్టేసరికి ఫోన్లు తగ్గాయి. "పాడు నోరు, నా నోరే!" అని పిన్నిగారు కొంగుతో కళ్ళు తుడుచుకుంటుంటే ఆవిణ్ణి నేనే ఓదార్చాను. తుని అబ్బాయి కోసం నర్సరీలో గులాబీ అంట్ల వెనక కూర్చుని నేనూ కాస్త ఏడ్చాను. ఆ సంగతి మాత్రం ఎవరికీ చెప్పలేదు.

అప్పటినుంచి ఎక్కడా నా అసలు పేరు పెట్టలేదు. ఫోటో అడిగితే ఏదో ఒక మొక్క ఫోటో పెట్టాను. మొన్న కడియం సెంటర్లో బస్సు కోసం నిలబడితే, ఇంటర్లో నా పక్కన కూర్చునే స్నేహితురాలు కనబడింది. చెయ్యి పట్టుకుని "ఎన్నేళ్ళనుంచి నెట్లో నీ పేరు కొట్టి వెతుకుతున్నానే! ఎక్కడా లేవేంటే నువ్వు?" అంది. కళ్ళల్లో నీళ్ళు. ఫోను నంబరు అడిగింది. పాత అలవాటు చొప్పున నోరు తెరిచి, ఆగిపోయాను. ఇవ్వచ్చా, ఎవరైనా వింటున్నారా అని అటూ ఇటూ చూశాను. అలా చూస్తున్నానని నాకే తెలిసి, నవ్వొచ్చింది. ఆ తర్వాత ఒక్కో అంకే విడదీసి, సెంటర్లో ఉన్న వాళ్ళందరికీ వినబడేంత గట్టిగా చెప్పాను.