పైకి తిప్పిన ట్యూబులైట్లు

షేక్‌పేట నుంచి ఎవరో ఆఫీసుకి ఫోన్ చేసి చెప్పారు, మా లైట్‌మాన్ పెద్దాయన పోయాడని. వినగానే నాకు ఏడుపు రాలేదు. "అయ్యో, నేను చెప్పనే లేదే!" అనుకున్నాను. ఏం చెప్పలేదో మీకు చెప్పడానికే ఇది రాస్తున్నాను.

ఫిల్మ్ నగర్ స్టూడియోలో ఏళ్ల తరబడి లైట్లు పెట్టిన మనిషి ఆయన. హీరోయిన్ మేకప్ అయి వచ్చేలోపు ఆవిడ కుర్చీలో తనే కూర్చుని, కళ్లు మూసుకుని, "ఎడమ చెంప కాలుతున్నది, జర ఎన్కకి గుంజుర్రి" అనేవాడట. స్టూడియోలో పని తగ్గాక మా దగ్గరికి లైట్లు బిగించడానికి వచ్చాడు. నేను ఆర్కిటెక్టుని. జూబ్లీహిల్స్‌లో ఓ కంపెనీ ఆఫీసు బిల్డింగుకి లైటింగ్ డిజైన్ చేయడం నా మొదటి పెద్ద పని. తొంభైల మొదట్లో మాట.

నా డ్రాయింగ్‌లో ట్యూబులైట్లు పరేడ్‌లో పోలీసుల్లా వరసగా ఉండేవి. ఎంత మురిసిపోయానో! ఒక అంతస్తులో బిగించడం కూడా అయింది. అప్పుడు పెద్దాయన ఓ కుర్చీ లాక్కుని కంప్యూటర్ ముందు కూర్చున్నాడు.

"సార్, మీరొచ్చి గీడ కూసోర్రి."

కూర్చున్నాను. స్క్రీన్ మీద ఒక్క అక్షరం కనబడితే ఒట్టు! పైనున్న ట్యూబులన్నీ అందులోనే మెరుస్తున్నాయి.

"దినమంతా గిట్ల కూసుంటే పనిజేసేటోళ్ల కండ్లు ఏంగావాలె? ముందుగాల మనిషిని కూసోబెట్టాలె సార్, ఎన్క లైటు పెట్టాలె."

నాకు ఒళ్లు మండింది. చదువుకున్నవాణ్ని కదా! "ఇది స్టూడియో కాదు పెద్దాయనా" అన్నాను. ఆయన నవ్వి, నిచ్చెనెక్కి, ఒక వరస ట్యూబుల్ని పైకి తిప్పాడు. వెలుగు తెల్లటి సీలింగుకి తగిలి మెత్తగా కిందికి దిగింది. షూటింగులో థర్మకోల్ అట్టకి లైటు కొట్టి మొహం మీదికి మళ్లిస్తారే, అదే పద్ధతి. స్క్రీన్ మీద అక్షరాలు హాయిగా కనిపించాయి. నోరు మూసుకుని డిజైనంతా మార్చేశాను.

ప్రారంభోత్సవం రోజున ఓనరుగారు తెగ సంబరపడిపోయి, "ఎవరికొచ్చిందండీ ఈ ఐడియా?" అని అడిగారు.

"నాకేనండీ. ఫారిన్ పుస్తకాలు తిరగేస్తుంటే తట్టింది."

నోరెలా వచ్చిందో! పెద్దాయన నా పక్కనే ఉన్నాడు. ఓనరుగారు ఆయనవైపు తిరిగారు. "సార్ చెప్పిండు, మేం పెట్టినం" అన్నాడు, నా మొహం చూడకుండా. సిగ్గుతో చచ్చిపోవాల్సినవాణ్ని, హమ్మయ్య అనుకున్నాను.

ఆ బిల్డింగుతో నాకు పేరొచ్చింది. ఆయన దగ్గర నేర్చుకున్నదే ఇవాళ్టికీ నేను తినే అన్నం. తర్వాత ప్రతి పనికీ ఆయన్నే పిలిచాను, ఆ సంగతి మాత్రం ఎత్తలేదు. ఒకసారి టోలిచౌకిలో చాయ్ తాగుతూ, "పెద్దాయనా, ఆ రోజు నేను..." అని మొదలుపెట్టాను.

"ఇడిసిపెట్టుర్రి సార్, చాయ్ సల్లారుతది."

విడిచిపెట్టాను. నాకూ అదే సుఖంగా ఉంది మరి.

మొన్న వాళ్లింటికి వెళ్లాను. ఆయన భార్య నన్ను చూడగానే లేచి, చుట్టాలందరికీ చెప్పింది: "గా జూబ్లీహిల్స్ ఆఫీసుల లైట్లు పెట్టించింది ఈ సారే. మా ఆయన గటుకెళ్లి బస్సుల పోయినప్పుడల్లా గా బిల్డింగు సూపెట్టెటోడు, మా సార్ తెలివి సూడు అని."

ఇంట్లో కూడా చెప్పలేదన్నమాట. కట్టుకున్న భార్యకి కూడా!

"కాదమ్మా, ఆ తెలివి ఆయనదే. నాదని నేను అబద్ధం చెప్పాను" అన్నాను.

ఆవిడ కొంగుతో కళ్లు తుడుచుకుంది. నమ్మలేదు.

"మీది ఎంత పెద్ద మనసు సార్! పోయినోనికి గంత పేరిస్తున్నరు" అని నాకు రెండు చేతులూ ఎత్తి దండం పెట్టింది. ఆవిణ్ని చూసి, కూర్చున్న చుట్టాలు కూడా ఒక్కొక్కరే లేచి నిలబడ్డారు.