వీపీఎన్ పెట్టాలా వద్దా అని పదకొండు రోజులు

నా కంప్యూటర్లో ఉల్లిపాయ బొమ్మ ఉన్న బ్రౌజర్ ఒకటి ఇంకా ఉంది. తీసెయ్యాలని చాలాసార్లు అనుకున్నాను. తీసేస్తే ఆ పదకొండు రోజులూ పోతాయేమోనని ఒక ఆశ, పోకూడదని ఒక మొండితనం. రెండూ నావే కాబట్టి దాన్ని అలాగే ఉంచాను.

విజయవాడ నుంచి గన్నవరం వెళ్ళే రోడ్డు పక్కన ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో బోటనీ చెబుతాను. ఆడపిల్లల హాస్టల్ కూడా అదే ఆవరణలో ఉంది. అక్కడ ఒక పద్ధతి ఉంది. ఒక్కో లెక్చరర్‌కి ముప్పై మంది పిల్లల్ని అప్పగిస్తారు. ఆదివారం పొద్దున స్టాఫ్ రూంలో అందరం వరసగా కూర్చుని, కాలేజీవాళ్ళు ఇచ్చిన సెల్‌ఫోన్లతో ఆ ముప్పై ఇళ్ళకీ ఫోన్ చెయ్యాలి. ఏం మాట్లాడాలో కాగితం మీద రాసే ఇస్తారు. పాప బాగా చదువుతోందండీ, ఆరోగ్యం బాగానే ఉందండీ, వీక్లీ టెస్టులో ఇన్ని మార్కులండీ. ఫోన్లన్నీ రికార్డవుతాయి. కాలేజీ వ్యవహారాలు చూసే ఏఓ గారు చేతులు వెనక్కి కట్టుకుని మా వెనకాల తిరుగుతూ ఉంటారు.

నా ముప్పై మందిలో మైలవరం అవతల పల్లె నుంచి వచ్చిన అమ్మాయి ఒకతె ఉండేది. వాళ్ళకి మామిడితోట ఉంది. జూన్‌లో చేర్పించడానికి వచ్చినప్పుడు వాళ్ళ నాన్న గోనెసంచిలో కాయలు తెచ్చి నా బల్ల కింద పెట్టాడు. వద్దంటే వినలేదు. "మేడం గారూ, ఏదన్నా ఉంటే ఒక్క మిస్డ్ కాల్ ఇవ్వండి చాలు. బండేసుకుని గంటన్నరలో వాలిపోతాను" అన్నాడు. నా అటెండెన్స్ రిజిస్టర్ అట్ట మీద నంబరు తనే రాశాడు, పెద్ద పెద్ద అంకెలు వేసి.

ఆ పిల్ల బొమ్మలు బాగా వేసేది. ఉల్లిపొరని మైక్రోస్కోప్ కింద పెట్టి చూసింది చూసినట్టు గియ్యమంటే మిగతావాళ్ళు ఇటుకల గోడ గీసి ఇచ్చి చేతులు దులుపుకునేవారు. తను మాత్రం ఒక్కో కణంలో కేంద్రకం ఏ మూల కనిపిస్తే ఆ మూలే పెట్టేది. అరగంట ఎక్కువ పట్టేది, నేను విసుక్కునేదాన్ని.

సెప్టెంబరు వానల్లో ఒక సోమవారం, స్టడీ అవర్ డ్యూటీలో ఉండి చెయ్యి కడుక్కుందామని హాస్టల్ కుళాయి తిప్పాను. నీళ్ళు కంపు కొట్టాయి. మెస్ వెనక్కి వెళ్ళి చూస్తే తాగునీళ్ళ పైపు మురుక్కాలవలోంచి పోతోంది, జాయింటు దగ్గర బుడగలు వస్తున్నాయి. అప్పటికే ముగ్గురు పిల్లలు వాంతులతో పడుకుని ఉన్నారు. కళ్ళు పసుప్పచ్చగా ఉన్నాయి. పచ్చకామెర్లు గుర్తు పట్టడానికి డాక్టరే కానక్కర్లేదు.

ఏఓ గారికి చెప్పాను. "బయట పానీపూరీ తినుంటారు మేడం. మీరు సిలబస్ సంగతి చూసుకోండి" అన్నారు. నెలకొక్కసారి తప్ప గేటు దాటనివ్వని పిల్లలు పానీపూరీ ఎప్పుడు తిన్నారో ఆయన్నే అడగాల్సింది. అడగలేదు.

ఎందుకు అడగలేదంటే, నా ఒరిజినల్ సర్టిఫికెట్లు వాళ్ళ బీరువాలో ఉన్నాయి. ఉద్యోగంలో చేరేటప్పుడే తీసుకుంటారు. అంతకుముందు ఏడాది భోజనం బాగాలేదని గొంతెత్తిన ఫిజిక్స్ లెక్చరర్ ఉద్యోగం పోయాక కూడా వాటి కోసం తిరుగుతూనే ఉన్నాడు. మా ఆయన చేనేత చీరల కొట్టు మూసేసి అప్పటికి రెండేళ్ళు. ఇల్లు నా జీతం మీద నడుస్తోంది. ఇవన్నీ నిజాలే. నిజాలు కాబట్టే వాటి వెనక దాక్కోవడం నాకు సులువైంది.

ఎవరికీ తెలియకుండా పై అధికారులకి రాద్దామనుకున్నాను. ఆ రాత నాదని ఎప్పటికీ తేలకూడదు. వెతికితే ఈ ఉల్లిపాయ బ్రౌజర్ దొరికింది. మనం పంపింది పొరలు పొరలుగా చుట్టి, ప్రపంచంలో ఎక్కడెక్కడో ఉన్న మూడు కంప్యూటర్ల మీదుగా తిప్పుతుందట. ఏ ఒక్కదానికీ మొత్తం సంగతి తెలియదట. చదవగానే ప్రాణం లేచొచ్చింది. అక్కడే ఆపి రాసేసి ఉంటే ఆ మంగళవారానికి పని అయిపోయేది.

కానీ కింద ఇంకో వాక్యం ఉంది. మీరు ఎక్కడికి వెళ్ళారో మీకు నెట్ ఇచ్చేవాడికి తెలియదు గానీ, ఈ బ్రౌజర్ వాడుతున్నారని మాత్రం తెలుస్తుంది అని. మాకు నెట్ ఇచ్చేది మా వీధి కేబుల్ ఆయన. కాలేజీలో సీసీ కెమెరాలు బిగించిందీ ఆయనే. "మేడం, రాత్రి సినిమా గట్టిగానే చూసినట్టున్నారే" అని బజారులో నవ్వుతూ అనేసే మనిషి. ఆయన ఏం చూడగలడో, ఏం చూడలేడో నాకు తెలియదు. ఆ నవ్వు మాత్రం తెలుసు.

అయితే ముందు వీపీఎన్ అని, మన నెట్‌ని ఇంకో కంపెనీ మీదుగా దాచి పంపేది ఒకటి పెట్టుకుని, దాని మీద ఈ బ్రౌజర్ తెరవమన్నారు నెట్‌లో కొందరు. అప్పుడు కేబుల్ ఆయనకి వీపీఎన్ ఒక్కటే కనిపిస్తుంది. బాగానే ఉంది. ఇంకొకచోట, అయ్యో, అలా చేస్తే కేబుల్ ఆయనకి బదులు వీపీఎన్ కంపెనీకి మీ సంగతి తెలుస్తుంది, నమ్మాల్సిన వాళ్ళు ఒకరు పెరిగారు తప్ప ఏం లాభం అన్నారు. డబ్బు కట్టాలంటే నా ఫోన్ నుంచి, నా పేరుతోనే కట్టాలి. ఊరికే ఇచ్చేవి నమ్మొద్దన్నారు. పెట్టమనేవాళ్ళ మాటా నిజంలాగే ఉంది, వద్దనేవాళ్ళ మాటా నిజంలాగే ఉంది. పొద్దున్నే పాలు స్టవ్ మీద పెట్టి కంప్యూటర్ ముందు కూర్చునేదాన్ని. రెండుసార్లు పాలు పొంగిపోయాయి. బుధవారం వీపీఎన్ పెట్టాలనుకున్నాను, గురువారం వద్దనుకున్నాను. శుక్రవారం పొద్దున మళ్ళీ పెట్టాలనుకున్నాను.

అదే శుక్రవారం క్లాసులో ఆ మామిడితోట వాళ్ళ పిల్ల బల్ల మీద తలవాల్చి పడుకుంది. దగ్గరకెళ్ళి లేపితే కళ్ళెత్తి చూసింది. ఆ కళ్ళు పసుపు రాసినట్టున్నాయి. "ఏం లేదు మేడం, నీరసంగా ఉందంతే" అంది. హాస్టల్ గదికి పంపించాను. వార్డెన్‌కి కబురు చేస్తే డాక్టరు వస్తాడన్నారు. వచ్చాడో లేదో కనుక్కోలేదు.

రిజిస్టర్ అట్ట మీద నంబరు ఉంది. కాలేజీ బయట టీకొట్టు అతని ఫోన్ అడిగి, "మీ అమ్మాయిని వెంటనే ఇంటికి తీసుకెళ్ళండి" అని ఒక్క మాట చెప్పి పెట్టేస్తే సరిపోయేది. దానికి ఏ బ్రౌజరూ అక్కర్లేదు. ఆ ఆలోచన నాకు రాలేదని చెప్పుకుంటే కాస్త తేలిగ్గా ఉండేది. వచ్చింది. వాళ్ళ నాన్న నా గొంతు గుర్తుపడతాడు, కంగారులో నా పేరు చెప్పేస్తాడు అనుకున్నాను. అనుకుని మళ్ళీ వెళ్ళి వీపీఎన్ గురించి చదవడం మొదలుపెట్టాను.

ఆదివారం వచ్చింది. కాగితం ముందు పెట్టుకుని ఫోన్లు మొదలుపెట్టాను. ఏఓ గారి చెప్పుల చప్పుడు వెనక వినిపిస్తూనే ఉంది. ఆ పిల్ల నాన్న మొదటి రింగుకే ఎత్తాడు.

"ఎట్టా ఉందండీ మేడం గారూ మా అమ్మాయి? పోయిన వారం మాట్లాడినప్పుడు గొంతు డల్‌గా ఉంది."

చెప్పుల చప్పుడు నా కుర్చీ వెనక ఆగింది. నేను కాగితం వంక చూశాను.

"బాగానే ఉందండీ. కొంచెం జలుబు చేసింది, తగ్గిపోతుంది. వీక్లీ టెస్టులో బోటనీలో ఫస్టండీ."

"మీరున్నారుగా, ఇంక నాకు బెంగ లేదు" అన్నాడు.

చెప్పులు కదిలి పక్క కుర్చీ దగ్గరికి వెళ్ళాయి. నేను తర్వాతి నంబరు కొట్టాను.

పదకొండో రోజు గురువారం. చివరికి వీపీఎన్ పెట్టలేదు. ఎందుకు పెట్టలేదంటే చెప్పలేను, విసిగిపోయానంతే. ఉల్లిపాయ బ్రౌజర్ తెరిచి అధికారుల ఫిర్యాదుల పేజీకి వెళ్ళాను. మొదటి గడిలో మొబైల్ నంబరు అడిగింది. నంబరు ఇస్తే ఓటీపీ వస్తుంది, అది కొడితేగాని ఫిర్యాదు రాయనివ్వదు. ఎంతసేపు నవ్వానో తెలియదు. మా ఆయన వంటింట్లోంచి వచ్చి ఏమైందని అడిగాడు. పాలు పొంగాయన్నాను. ఆ తర్వాత దొంగ పేరుతో ఒక ఈమెయిల్ తెరిచి పైపు సంగతి, జాయింటు సంగతి, పిల్లల కళ్ళ సంగతి వివరంగా రాసి నలుగురు అధికారులకి పంపాను. బాగా రాశాను. నా జన్మలో అంత నిజాయితీగా ఏదీ రాయలేదు.

శుక్రవారం ఆ పిల్లని ఆసుపత్రికి తీసుకెళ్ళారు. లివర్ పాడైపోయిందన్నారు. ఆదివారం తెల్లవారుజామున పోయింది. ఆ పొద్దున నేను ఇరవైతొమ్మిది ఇళ్ళకి ఫోన్ చేశాను.

ఈమెయిల్‌కి జవాబు రాలేదు. ఎవరు రాశారని ఎవరూ అడగలేదు. కేబుల్ ఆయన బజారులో కనిపిస్తే ఎప్పటిలాగే నవ్వాడు. నేను అంత జాగ్రత్తగా ఎవరి నుంచి దాక్కున్నానో వాళ్ళలో ఒక్కరికీ నన్ను వెతకాలన్న ఆలోచనే లేదు. పైపు మాత్రం దసరా సెలవుల్లో మార్చారు. కాలేజీకి రంగులు వేస్తూ, పనిలో పనిగా.

పిల్ల పోయిన పది రోజులకి వాళ్ళ నాన్న తన పెట్టె తీసుకెళ్ళడానికి వచ్చాడు. బోటనీ రికార్డు నా దగ్గరే ఉంది, దిద్దడానికి ఇచ్చింది. తెచ్చి ఇచ్చాను. ఆయన నిలబడే పేజీలు తిప్పాడు. ఉల్లిపొర బొమ్మ దగ్గర ఆగి, "ఇదంతా చేత్తోనే వేసిందాండీ?" అన్నాడు. అవునన్నాను. వేలితో ఆ గళ్ళ మీద ఒకటి రెండుసార్లు నిమిరాడు. రికార్డు సంచిలో పెట్టుకుని, నా మొహం చూసి, నన్ను ఓదార్చాలనుకున్నాడు.

"మీకు కూడా చెప్పి ఉండరులెండి మేడం గారూ. మీకే తెలిసుంటే నాకు చెప్పకుండా ఉంటారా?"

అక్కడ ఏఓ గారు లేరు. చెప్పుల చప్పుడు లేదు. ఫోన్ లేదు, చేతిలో కాగితం లేదు. వరండాలో మేమిద్దరమే ఉన్నాం.

"అవునండీ, నాకూ తెలియనివ్వలేదండీ" అన్నాను.