కరెంటు పోయిందమ్మా

మా చిన్నతనంలో, అంటే నాకు తొమ్మిదేళ్ళప్పుడు... మా అమ్మతో నేను ఫోన్లో మాట్లాడేదాన్ని. అమ్మ ఏ పొరుగూళ్ళోనో లేదండి. మా ఇంట్లోనే, పెరటివైపు గదిలో ఉండేది. నేను ముందు హాల్లో. మధ్యలో భోజనాల గది, వంటిల్లు, ఒక మూసిన తలుపు.

అమ్మకి టీబీ. మొదట ఇచ్చిన మందులు పని చెయ్యలేదని ఇంకేవో మార్చారు. దగ్గు తగ్గేవరకూ పిల్లని దగ్గరికి రానివ్వద్దని డాక్టరుగారు చెప్పారు. మా మామ్మ, అంటే నాన్నగారి అమ్మ, ఆ మాట పట్టుకుని కూర్చుంది. వంటింటి గుమ్మం దాటి నేను అటు వెళ్ళకూడదు. సామర్లకోటలోని ఆ పొడుగాటి ఇంట్లో నెలల తరబడి అమ్మ ముఖాన్ని కిటికీలోంచే చూశాను... అదీ దూరం నుంచి.

ఇది చూడలేక మా మావయ్య, అమ్మ తమ్ముడు, రాజమండ్రి నుంచి కార్డ్‌లెస్ ఫోన్ తెచ్చాడు. ఆయనకి ఏదైనా పుస్తకంలో ఉన్నట్టే జరగాలి. హాల్లో స్టూలు వేసి, దాని మీద బేస్, అంటే ఫోన్ కింది పెట్టె పెట్టి, అడాప్టర్ ప్లగ్గులో పెట్టాడు. హ్యాండ్‌సెట్‌లో బ్యాటరీ వేసి బేస్ మీద పడుకోబెట్టాడు.

"పదహారు గంటలు దీన్ని ఎవరూ ముట్టుకోకండి. మొదటిసారి చార్జింగ్ పూర్తిగా ఎక్కాలి" అన్నాడు.

నిద్రపోయినప్పుడు తప్ప ఆ స్టూలు పక్కనుంచి నేను కదల్లేదు. మామ్మ అన్నం కూడా అక్కడికే తెచ్చి పెట్టింది.

మర్నాడు అందరికీ పాఠం... టీవీకి దూరంగా ఉంచాలి, లేకపోతే గరగర. తడి చేత్తో ముట్టుకోకూడదు. ఉరుములొస్తే ఫోన్ వైరు, ప్లగ్గు రెండూ పీకెయ్యాలి. "కరెంటు పోతే ఇది పని చెయ్యదు బావగారూ, పాత ఫోన్ పారెయ్యకండి" అని నాన్నగారికి చెప్పాడు. అసలు సంగతి చివర్న చెప్పాడు. బేస్ మీద ఇంటర్‌కమ్ బటన్ నొక్కితే హ్యాండ్‌సెట్ మోగుతుందట. హ్యాండ్‌సెట్ మీద నొక్కితే బేస్ మోగుతుందట. బేస్‌లోనే స్పీకరు ఉంది కాబట్టి అటూ ఇటూ మాట్లాడుకోవచ్చట.

"అక్కా, ఇక నీ కూతురితో ఎంతసేపైనా మాట్లాడుకో" అంటూ లోపలికి తీసుకెళ్ళి అమ్మ చేతికిచ్చాడు.

నేను బటన్ నొక్కాను. అమ్మ ఎత్తింది.

"ఏమే బుజ్జీ, జడ ఎవరు వేస్తున్నారే నీకు?" అంది.

అంతే, నాకు ఏడుపు ఆగలేదు.

ఆ రోజు నుంచి సాయంత్రం ఐదింటికి అమ్మే బటన్ నొక్కేది. బళ్ళో ఏం చెప్పారు, ఏం తిన్నావు, ఎక్కాలు ఎంతవరకూ వచ్చాయి... పదిహేడో ఎక్కం ఆ ఫోన్లోనే నేర్చుకున్నాను. మధ్యలో దగ్గు వస్తే నాకు వినపడకూడదని హ్యాండ్‌సెట్ దిండు కింద పెట్టి దగ్గేది. నాకు వినపడేది.

కొత్త మోజు ఎన్నాళ్ళు... నెల తిరిగేసరికి విసుగొచ్చేసింది. సిగ్గుపడుతూనే రాస్తున్నాను ఈ మాట. సరిగ్గా ఐదింటికే వీధిలో పిల్లలు తొక్కుడుబిళ్ళ మొదలెట్టేవాళ్ళు. నేను వెళ్ళేసరికి జట్లు కట్టేసేవాళ్ళు. ఒకరోజు ఐదు అవుతుందనగా వెళ్ళి ప్లగ్గులోంచి అడాప్టర్ పీకేశాను. బేస్ మీద ఎర్రదీపం ఆరిపోయింది. దీపాలు పెట్టే వేళ దాకా ఆడుకుని వచ్చి, ఏమీ ఎరగనట్టు మళ్ళీ ప్లగ్గు పెట్టి బటన్ నొక్కాను.

"కరెంటు పోయిందమ్మా" అన్నాను.

"అవునా... పోన్లే. ఆడుకున్నావా మరి?" అంది అమ్మ.

మావయ్య చెప్పిన అన్ని జాగ్రత్తల్లోనూ నా బుర్రకెక్కింది అదొక్కటే చూడండి. ఆ వారంలో మరో రెండుసార్లు మా ఇంట్లో అలాగే కరెంటు పోయింది.

తర్వాత అమ్మ తనంతట తాను బటన్ నొక్కడం మానేసింది. నేను చేస్తే మాత్రం వెంటనే ఎత్తేది. నీరసంగా ఉందేమో, పడుకుందేమో అనుకున్నాను. అలా అనుకోవడం నాకు సుఖంగా ఉంది. రోజూ చేసేదాన్ని రోజు విడిచి రోజు చేశాను... తర్వాత గుర్తొస్తే చేసేదాన్ని. వానలు మొదలయ్యాక అమ్మని కాకినాడ ఆసుపత్రికి తీసుకెళ్ళారు. మళ్ళీ ఇంటికి రాలేదు.

ఇరవై ఏళ్ళు దాటాక ఒక మధ్యాహ్నం, చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ మామ్మ చెప్పింది.

"మీ అమ్మకి తెలుసే. నెత్తి మీద ఫ్యాన్ తిరుగుతూనే ఉందిగా. నాకు ఒళ్ళు మండి నీకు రెండు తగిలిద్దామని లేచాను. వద్దండి అత్తయ్యగారూ, దాన్ని ఆడుకోనివ్వండి, ఇక నేను చెయ్యను, దానికి మాట్లాడాలనిపిస్తే అదే చేస్తుంది అంది. రోజూ ఐదింటికల్లా ఆ ఫోను గుండెల మీద పెట్టుకుని పడుకునేది. భోజనాల వేళకి, చార్జింగ్‌కి పెట్టెయ్యండి అత్తయ్యగారూ అని నా చేతికిచ్చేది."

నేను మామ్మ మీద అరిచాను, ఇన్నేళ్ళూ ఎందుకు దాచావని.

"నీకు చెప్పద్దని మాట తీసుకుందే" అంది మామ్మ. "నేనూ పోతే ఇంక నీకు చెప్పేవాళ్ళుండరు కదా అని ఇప్పుడు చెప్పాను."

ఆ చిక్కుడుకాయల పళ్ళెం ముందు తొమ్మిదేళ్ళ పిల్లలా ఏడ్చాను. ఇప్పటికీ ఐదయితే మనసు బాగుండదు.

ఇప్పుడు ఫోన్ ఎప్పుడూ చేతిలోనే... కరెంటు పోయినా మోగుతుంది. అయినా మనం సిగ్నల్ లేదని, సైలెంట్‌లో పెట్టానని, ఇప్పుడే చూశానని చెబుతూనే ఉన్నాం. అవతలివాళ్ళు సరేలే అంటారు. వాళ్ళకి తెలుస్తుందండి... తెలిసే అంటారు.

మీరూ ఎవరికైనా ఇలాంటి అబద్ధం చెప్పుంటే కింద రాయండి, అన్నీ చదువుతాను. కానీ వాళ్ళు ఉంటే మాత్రం, ముందు వాళ్ళతో మాట్లాడి వచ్చి రాయండి. మా అమ్మకి నిజం చెప్పే వీలు నాకు లేకుండా పోయింది.