మస్తాన్ భాయ్ చూడని ఇరవై ఐదు మాటలు

మొన్న ఆఫీసులో ఎవరిదో ఐడీ కార్డు లామినేషన్ చేస్తుంటే వేడెక్కిన ప్లాస్టిక్ వాసన గుప్పుమంది. చేతిలో ఫైలు టేబుల్ మీద పడేసి మెట్ల దగ్గరికి వెళ్ళి నిలబడ్డాను. ఆ వాసన తగిలితే చాలు, నాకు మస్తాన్ భాయ్ గుర్తొస్తాడు. వెంటనే నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

మస్తాన్ భాయ్‌ది నెల్లూరు. కరోనా తగ్గుముఖం పట్టిన రోజుల్లో షార్జా అల్ నహ్దాలో ఒకే ఫ్లాట్‌లో ఎదురెదురు గదుల్లో ఉండేవాళ్ళం. ఆయన ఒక ట్రేడింగ్ కంపెనీలో కంప్యూటర్లు చూసుకునేవాడు. నేను నిర్మాణ కంపెనీలో డాక్యుమెంట్ కంట్రోలర్‌ని. అంటే వచ్చిన ప్రతి కాగితానికీ పేరు పెట్టి, నంబరు వేసి, భద్రపరచడమే నా ఉద్యోగం. మా ఫ్లాట్‌లో ఎవరి జీతమెంతో, ఎవరు ఇంటికెంత పంపారో అందరికీ తెలుసు. తెలియకపోతే అడిగి మరీ తెలుసుకుంటారు. వరంగల్‌లో సొంత ప్రింటింగ్ షాపు కోసం కూడబెట్టుకున్నదైనా ఎవరి కంటా పడకూడదని నా పట్టుదల. ఎవరు పంపారో, ఎవరికి చేరిందో బయటివాళ్ళకి కనిపించని క్రిప్టో ఒకటుందని విని, దాన్ని దాచుకునే వాలెట్ అనే ప్రోగ్రాం నా కంప్యూటర్‌లో పెట్టించమని భాయ్‌ని అడిగాను.

"దాచుకోవడం తప్పేం కాదు అబ్బయా. ధర పడిపోతే మాత్రం నన్ను అనబాక. తాళం వెయ్యడం వరకే నేను నేర్పేది" అన్నాడు.

శుక్రవారం ఆయన నమాజు నుంచి వచ్చాక కూర్చున్నాం. అన్నీ నా చేతే చేయించాడు. నా పాత డెస్క్‌టాప్‌ని పూర్తిగా తుడిచేసి కొత్తగా సిస్టమ్ ఎక్కించాను. వాలెట్‌ని దాన్ని తయారుచేసినవాళ్ళ సొంత పేజీ నుంచే దించుకోమన్నాడు. దించిన ఫైలు నుంచి ఒక పొడవాటి అక్షరాల వరుస వస్తుంది. అది వాళ్ళు ఇచ్చిన వరుసతో కలిస్తేనే మధ్యలో ఎవరూ ఫైలుని మార్చలేదని నమ్మకం. నేను మొదటి నాలుగూ చివరి నాలుగూ చూసి, "కలిసింది భాయ్, గంతే గద" అన్నాను.

"కుదరదు, అన్నీ చదువు. దొంగోడికి కూడా తెలుసు, నువ్వు మొదలూ చివరా చూసి వదిలేస్తావని."

తర్వాత నెట్ కేబుల్ పీకించాడు. తెర మీద వాలెట్‌కి తాళంచెవి లాంటి ఇరవై ఐదు ఇంగ్లిషు మాటలు వచ్చే ముందు తన కుర్చీని గోడవైపు తిప్పుకుని కూర్చున్నాడు.

"చేత్తో రాసుకో. ఫోటో తియ్యబాక. అది ఏం కాగితమో పైన రాయబాక. ఆ మాటలు ఎవరి చేతిలో ఉంటే డబ్బు వాళ్ళది, ఖలాస్."

"నువ్వు చూస్తే ఏమైతది భాయ్?"

"రేపు ఏదన్నా అయితే నీ మనసు నా మీదికి పోకూడదు గదా."

పైసా వెయ్యకముందే వాలెట్ మొత్తం తీసేయించి, కాగితం చూసి మళ్ళీ తెప్పించమన్నాడు. వచ్చింది. ఆయన నాకన్నా ఎక్కువ సంబరపడి ఇద్దరికీ కరక్ చాయ్ తెప్పించాడు.

మర్నాడు నా చెయ్యి ఊరుకోలేదు. పేరు లేని కాగితం నాకు కాగితమే కాదు. పైన వాలెట్ పేరూ తేదీ ముత్యాల్లాంటి అక్షరాలతో రాశాను. తడిస్తే చెరిగిపోతుందేమోనని మా బిల్డింగ్ కింద, వీసా కాగితాలు నింపిపెట్టే టైపింగ్ సెంటర్‌కి తీసుకెళ్ళి లామినేషన్ చేయించాను. గల్ఫ్‌లో మా అందరికీ అదే అలవాటు, విలువైన కాగితం ఏదైనా ప్లాస్టిక్‌లోకి వెళ్ళాల్సిందే. భాయ్‌కి చెప్పలేదు.

ఏడాది తర్వాత ఒక సాయంత్రం వాలెట్ తెరిస్తే ఖాళీ. నెలనెలా అందులో వేసుకున్నదంతా పోయింది. ఎక్కడికి పోయిందో తెలుసుకునే దారే లేదు. నేను ఏరికోరి తెచ్చుకున్న చాటు దొంగకి కూడా చాటయింది. వాలెట్ సంగతి తెలిసినవాడు భాయ్ ఒక్కడే. తిన్నగా వంటగదిలోకి వెళ్ళి, నలుగురి ముందూ అనేశాను.

"నువ్వు గాక ఇంకెవరున్నరు భాయ్? పెట్టించినోడివి నువ్వే, తీసుకున్నోడివి నువ్వే."

ఆయన స్టవ్ ఆపాడు. నా మొహంలోకి చూసి, "సరే అబ్బయా" అన్నాడు, అంతే. నెలాఖరుకి గది ఖాళీ చేసి షార్జా శివార్లలోని సజ్జా ప్రాంతానికి వెళ్ళిపోయాడు. మిగతావాళ్ళు సామాను మోయడానికి సాయం వెళ్తే నేను తలుపేసుకుని లోపలే కూర్చున్నాను.

కొన్ని నెలలకి వీసా పనిమీద అదే టైపింగ్ సెంటర్‌కి వెళ్ళాను. నా ముందు ఎవరో లామినేషన్‌కి సర్టిఫికెట్ ఇచ్చారు. మెషీన్‌లో ముడత పడినా ఆధారం ఉండాలని కౌంటర్ అతను ముందుగా ఒక కాపీ తీశాడు. పని సవ్యంగా అయ్యాక ఆ కాపీని చిత్తుకాగితాల కట్టలో పడేశాడు. ఆ కాగితాల ముక్కల మీదే టోకెన్ నంబర్లు రాసి జనానికి ఇస్తున్నారు. నా టోకెన్ తిప్పి చూశాను. ఎవరిదో అద్దె ఒప్పందం. నా ఇరవై ఐదు మాటల కాపీ కూడా, పైన వాలెట్ పేరుతో సహా, ఇలాగే ఎవరి చేతికో చేరి ఉంటుంది.

ఆ పూటే భాయ్‌కి ఫోన్ చేసి ఏడుస్తూ అంతా చెప్పాను.

"పైన పేరు కూడా రాశావా?" అన్నాడు.

"రాసిన భాయ్. తప్పయింది."

"డబ్బు పోయిన పూట నన్ను అడిగుంటే, కాగితం ఎక్కడెక్కడ తిరిగిందో ఇద్దరం కూర్చుని వెతికేవాళ్ళం. నువ్వు అడగలా అబ్బయా. అనేశావు."

క్షమించాననీ అనలేదు, లేదనీ అనలేదు. ఇప్పుడు ఏది పోయినా, ఎవరి మీద అనుమానం వచ్చినా, నేను ముందు అడుగుతాను, చెప్పింది చివరిదాకా వింటాను. ఆఫీసులో నన్ను నెమ్మదస్తుడంటారు. ఆ మాట ఆయనకి చెప్పుకుందామని రెండుసార్లు ఫోన్ చేశాను. ఎత్తలేదు.