మోటార్లు ఆగాక పలికే పెట్టె

"మోటార్లు చుట్టుకునేవాడివి, గిటారు పెట్టె సంగతి నీకేం తెలుసయ్యా?" అని కోటేశ్వరి టీచరు చెంచయ్యను మొహం మీదే అడిగింది.

చెంచయ్య నొచ్చుకోలేదు. దర్శి చుట్టుపక్కల బోరు మోటారు కాలితే అతని షాపుకే వస్తుంది. గిటారు ఆంప్లిఫయర్ పని రావడం మాత్రం ఇదే మొదలు.

"తెలీదండి. కరెంటు సంగతి తెలుసు," అన్నాడు.

ఆ పెట్టె ఆమె భర్త ప్రేమ్‌చంద్‌ది. వాల్వుల కాలం నాటి సరుకు. దాంతోనే ఆయన ఒంగోలు ఆర్కెస్ట్రా పార్టీలో జుట్టు నెరిసేదాకా గిటారు వాయించాడు. ఇప్పుడు చెవులు దాదాపు పోయాయి. చెవి మిషను పెడితే గోల తప్ప పాట వినపడదు. ఈ పెట్టెకు మోకాలు ఆనించి వాయిస్తే మాత్రం స్వరం ఒంట్లోకి ఎక్కుతుంది. అల్లుడు కొత్త ఆంప్లిఫయర్ తెచ్చిస్తే, "ఇది మాట్లాడదు, మొరుగుతుంది" అని మూల పడేశాడు. పాతది మూగబోయిన దగ్గర్నుంచి మనిషి గోడవైపు తిరిగి కూర్చుంటున్నాడు. అన్నం సగంలో వదిలేస్తున్నాడు. లోపలి గాజు వాల్వులు గనక పోతే మళ్ళీ దొరకవు, ఇక అంతే.

దారి కుదుపులకు వాల్వులు దెబ్బతింటాయని చెంచయ్య పెట్టెను వాళ్ళింట్లోనే విప్పాడు. కరెంటును ఒకే వైపు నడిపించే డయోడ్లు చచ్చి ఉన్నాయి. కొత్తవి అతికాడు. పెట్టె పలికింది, కానీ జ్వరం పడి లేచినట్టు నీరసంగా. మీటరు పెడితే, రెండొందల ముప్ఫై ఉండాల్సిన వోల్టేజీ నూట డెబ్భై. ఆ ఇల్లు పొలాల లైను మీద ఉంది; చుట్టూ మిరప చేలల్లో మోటార్లు కరెంటంతా గుంజేస్తున్నాయి. అంత తక్కువలోనూ తిరగాలని ఇక్కడి మోటార్లకు చెంచయ్య నాలుగు చుట్లు తగ్గించే చుడతాడు. అలవాటైన ఆ చెయ్యే ఇక్కడా ఆడింది. డయోడ్ల పక్కన కరెంటును కాస్త అణిచిపట్టే రెసిస్టరు ఒకటుంటే, దాన్ని పీకేసి తీగతో కలిపేశాడు. పెట్టె గర్జించింది. ప్రేమ్‌చంద్ కళ్ళు మూసుకున్నాడు.

సాయంత్రం ఇళ్ళ కరెంటు ఉంచి, పొలాల మోటార్లు నడిచే త్రీఫేజు తీసేశారు. మోటార్లన్నీ ఒక్కసారే ఆగాయి. వోల్టేజీ ఎగిరిపోయింది. పెట్టెలో కండెన్సరు ఢామ్మని పేలి ఇల్లంతా పొగ.

మర్నాడు చెంచయ్య గడప ఎక్కగానే టీచరు, "తగలబెట్టావు కదయ్యా! నీకు తోచిన పనల్లా చేసేయడమేనా?" అంది.

"తప్పు నాదేనండి. మోటార్లతో బతికేవాణ్ణి, అవి ఆగుతాయనే మర్చిపోయాను."

ప్రేమ్‌చంద్ వినపడనివాళ్ళు అరిచినట్టే అరిచాడు: "ఒరేయ్ చెంచయ్యా! కాలిందా, చచ్చిందా? ఏదో ఒకటి చెప్పరా!"

చెంచయ్య చేత్తోనే ఆగమన్నాడు. కండెన్సరు మార్చాడు, డయోడ్లు మళ్ళీ వేశాడు, తను పీకిన దానికంటే గట్టి రెసిస్టరు పెట్టాడు. దెబ్బ తగిలినా బల్బే మోస్తుందని మధ్యలో ఒక బల్బు కలిపి స్విచ్చి నొక్కాడు. బల్బు భగ్గున వెలిగి, మెల్లగా మసకబారింది. వాల్వుల్లో ఎర్రటి చుక్కలు లేచాయి. గిటారు తగిలించి తీగ మీటితే పెట్టె పలికింది.

"నిన్నటికంటే డల్లుగా ఉందేం?" అంది టీచరు.

"మోటార్లు ఆగనివ్వండి టీచరుగారూ."

టీ తాగి, మీటరు ముందు పెట్టుకుని అక్కడే కూర్చున్నాడు. పొద్దు వాలాక చేలు సద్దుమణిగాయి. ముల్లు రెండొందల యాభై దాటింది. పొగ రాలేదు. ప్రేమ్‌చంద్ ఒక తీగ మీటాడు. స్వరం మెత్తగా ఉబ్బి, ఆగి, నెమ్మదిగా దిగింది. భార్య చెయ్యి పట్టి లాగి పెట్టె మీద ఆనించాడు.

"అన్నం చల్లారుతోందండీ," అంది ఆమె.

వినపడినా లేచేవాడు కాదు. ఆమె కూడా చెయ్యి తియ్యలేదు.

ఇప్పుడు వాళ్ళింట్లో గిటారు మోటార్లు ఆగాకే, అన్నాలు గిటారు ఆగాకే. రెండోసారి సామానుకు చెంచయ్య తన జేబులోంచి పెట్టిన నాలుగొందల ఇరవై రూపాయలు టీచరు ఇంకా ఇవ్వలేదు.